ప్రాజెక్టు డైరీ: గాంధారం వదిలేసిన సింథ్ పాట

ఏప్రిల్ 6

ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరి హార్డ్ డిస్క్‌లోంచో నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన ఒక పాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. యాజూ అనే ఇద్దరు మనుషుల గ్రూపు 1982లో చేసిన ‘ఓన్లీ యూ’. సింథసైజర్లు (కరెంటుతో సౌండ్లు పుట్టించే కీబోర్డులు), ఒక ఆడగొంతు, అంతే. గిటార్ లేదు, వయొలిన్లు లేవు. అలిసన్ మోయే అనే అమ్మాయి బ్లూస్ పాడుకోవడానికి బ్యాండు కావాలని మెలొడీ మేకర్ పత్రికలో ప్రకటన ఇస్తే, అది చూసి పిలిచింది ఎవరయ్యా అంటే అప్పుడే డిపెష్ మోడ్ అనే బ్యాండు నుంచి బయటికొచ్చిన విన్స్ క్లార్క్. ఆయన దగ్గర ఉన్నవన్నీ మిషన్లు, ఆమె గొంతేమో బాగా వేడి మీద ఉన్న గొంతు. ఆ రెండూ కలిసిన చోట ఏదో జరిగింది. బ్రిటన్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్ళింది.

అలాంటి పాట ఒకటి తెలుగులో, తిరుపతిలో కూర్చుని, నా చేతులతో చెయ్యాలని చాన్నాళ్ళుగా కోరిక. బస్టాండు దగ్గర లాడ్జిలో నాది రాత్రి డ్యూటీ. ఒంటిగంట దాటాక మూడు దాకా రిసెప్షన్‌లో కొంచెం ఖాళీ దొరుకుతుంది. ఈ రోజు నుంచి ఆ రెండు గంటలూ పాటకే. ఏ రోజు ఏం చేశానో ఇక్కడ రాసి పెట్టుకుంటా, నాలాగా ఇంట్లో పాటలు చేసుకునేవాళ్ళు ఎవరికైనా పనికొస్తుంది.

ఏప్రిల్ 13

సామాను: ఐదేళ్ళ పాత ల్యాప్‌టాప్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, రెండు ఫ్రీ సింథ్‌లు. ఒకటి వైటల్, ఇంకోటి డెక్స్‌డ్. డెక్స్‌డ్ అంటే 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథ్‌ని అచ్చంగా అనుకరించే సాఫ్ట్‌వేర్, ఆ కాలం నెమ్మది పాటల్లో వినిపించే గంట లాంటి ఎలక్ట్రిక్ పియానో సౌండ్ అందులోనే ఉంటుంది. నేను మొదట అక్కడికే పరిగెత్తా. రెండు రాత్రులు వాయించాక తీసేశా. ఎందుకంటే నాకు కావాల్సిన 1982 అంతకంటే ముందుది, అప్పటికి మిడి (సింథ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) కూడా రాలేదు, సౌండ్లు ఇంకా మొరటుగా, దగ్గరగా ఉండేవి. వైటల్‌లో ఒకే ఒక్క సా వేవ్ (రంపం పళ్ళలా ఉండే అల), సౌండు పదును తగ్గించే ఫిల్టర్ సగానికి పైగా మూసి, తంతి మీటినట్టు టక్కున మొదలై ఆగేట్టు పెట్టా. ఈ ఒక్క సౌండే పాట మొత్తానికి వెన్నెముక.

టెంపో 104, అంటే నిమిషానికి 104 బీట్లు, పెట్టుకున్నా. బాణీ సీ మేజర్‌లో వచ్చింది, అంటే మన లెక్కలో శంకరాభరణం స్వరాలు. పల్లవి కూడా సగం రాశా.

ఏప్రిల్ 20

కొర్లగుంటలో ఒక అన్న ఉన్నాడు. పీలేరు, మదనపల్లె వైపు ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్ళు కీబోర్డు వాయించాడు, ఇప్పుడు ఇంట్లోనే కీబోర్డులు రిపేరు చేస్తాడు. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి వినిపించా. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. ఆ తర్వాత, “బాగుందబ్బా, కానీ ఈడ మనిషి పాడాలంటే చోటు యాడుంది? గాయని నోరు తెరిచినప్పుడు మనం కుడిచెయ్యి పైకెత్తేయాల. నువ్వు ఎత్తలా” అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే నిజమే. ఆర్పెజియో (స్వరాలు ఒకటి తర్వాత ఒకటి తిరిగే వరస), దాని పైన ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే మెత్తని సౌండ్), దాని పైన ఇంకో మెలొడీ లైను, ఆ పైన గంటలు. పదకొండు ట్రాకులు. ఆరు తీసేశా. తీసేస్తుంటే కష్టంగా అనిపించింది, ఒక్కోదానికి ఒక్కో రాత్రి పట్టింది మరి.

ఏప్రిల్ 27

పాడేది మా వదిన. ఎస్వీ సంగీత కళాశాలలో నేర్చుకుంది, తిరుచానూరులో పిల్లలకు సంగీతం చెప్తుంది, అన్నమయ్య కీర్తనలు పాడితే వీధిలో పోయేవాళ్ళు నిలబడి వింటారు. ప్రేమపాట అంటే మొదట మొహమాట పడింది, మా అన్న “పాడు, ఏమవుతుంది” అన్నాక ఒప్పుకుంది.

మొదటి మాటే, “నాది ఐదు శ్రుతి, ఇందులో పాడలేను” అంది. ఐదు శ్రుతి అంటే జీ, పాట మొత్తాన్ని సీ నుంచి జీకి మార్చా, అది సాఫ్ట్‌వేర్‌లో ఒక నిమిషం పని. రెండో మాట, “ఏం మరిదీ, ఊపిరి తీసుకోవడానికి వీల్లేకుండా తరుముతా ఉందే?” 104ని 96 చేశా, ఆ తర్వాత 92, చివరికి 88 దగ్గర ఆమె భుజాలు కిందికి దిగాయి. టెంపో ఎంతుండాలో అంకెల్లో వెతకొద్దు, పాడేవాళ్ళ భుజాలు చూడండి.

మూడోది మాట గురించి. పల్లవి చివర నేను రాసింది ‘నీకోసమే వేచి ఉన్నా’. వదిన రెండుసార్లు పాడి ఆగిపోయింది.

“మన ఇంట్లో ఎవురన్నా వేచి ఉంటారా మరిదీ? కాచుకోనుంటాం” అంది.

అంతే. ఆ రాత్రి రిసెప్షన్‌లో పల్లవి మొత్తం మారిపోయింది. డ్యూటీ అయ్యాక రోజూ మేడ మీద నుంచి కనపడే ఘాట్ రోడ్డు లైట్లు తప్ప వేరే బొమ్మ నా బుర్రలోకి రాలేదు:

ఘాట్ రోడ్డున దీపాల దండ
కొండ మెడలో వేలాడుతుండ
నిద్రపోని ఈ ఊరి నిండా
నీకోసమే కాచుకోనుండా

‘ఉన్నా’ అంటే చివర ముక్కులోంచి మెత్తగా మొదలవుతుంది. ‘ఉండా’లో ఆ ‘డా’ దగ్గర నాలుక తగిలి విడిపోతుంది కాబట్టి, పొడుగ్గా పట్టుకోవాల్సిన స్వరానికి మొదలు శుభ్రంగా దొరికింది. ఆ ‘డా’ పడేది గాంధారం, అంటే స రి గ మల్లో గ మీద. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అసలు గొడవంతా అక్కడే.

మే 4

రికార్డింగ్. ఇంట్లో స్టూడియో లేదు, బీరువా ఉంది. రెండు తలుపులూ తెరిచి, మధ్యలో మైకు పెట్టి, వదినను చీరల వైపు తిరిగి పాడమన్నా. వేలాడే పట్టుచీరలు, మడతపెట్టిన నూలు చీరలు గొంతును గోడలకు తగలనివ్వవు, గదిలో డబ్బా మోత పోతుంది. వెనక తలుపుకి రెండు బొంతలు. ఫ్యాను ఆపాలి, మే నెలలో తిరుపతిలో ఫ్యాను ఆపి నాలుగు నిమిషాలు నిలబడటం అంటే ఏమిటో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక టేకు, పది నిమిషాలు ఫ్యాను, మళ్ళీ ఒక టేకు. గాజుల చప్పుడు రాకుండా వదిన రెండు చేతులకీ కర్చీఫ్‌లు చుట్టుకుంది. కింద పోర్షన్ వాళ్ళ మోటారు ఒకసారి, కుక్కలు రెండుసార్లు. రాత్రి పదకొండుకి మొదలుపెడితే ఒకటిన్నరకి తొమ్మిది టేకులు వచ్చాయి. ఏడోది బాగుంది.

మే 6

ఏడో టేకు పాటలో పెట్టి విన్నా. అన్నీ బాగున్నాయి, ‘కాచుకోనుండా’ దగ్గర మాత్రం పళ్ళు పులిసినట్టుంది. గొంతు సరిగ్గానే ఉంది, సింథ్ సరిగ్గానే ఉంది, కలిపితే ఆ ‘డా’ మీద ఏదో వణుకు. సెకనుకు రెండుసార్లు అల పైకి కిందికి పోతున్నట్టు. హెడ్‌ఫోన్ మార్చా, కేబుల్ మార్చా, చివరికి వదిన తప్పేమో అని కూడా అనుకున్నా, అది నా తొందరపాటు.

వదినకే ఫోన్ చేసి వినిపించా. క్షణంలో చెప్పేసింది, “నీ కీబోర్డు గాంధారం ఎక్కువగా ఉంది. నేను తంబురా గాంధారం పాడినా.”

లెక్క వేసి చూశా. కీబోర్డులో స నుంచి పై స దాకా ఉండే స్థాయిని పన్నెండు సమాన మెట్లు చేస్తారు, మెట్టుకు 100 సెంట్లు, స నుంచి అంతర గాంధారం నాలుగో మెట్టు కాబట్టి కచ్చితంగా 400. తంబురా పక్కన పెట్టుకుని పెరిగిన గొంతు ఆ గ మీద నిలబడినప్పుడు 386 దగ్గర ఆగుతుంది, షడ్జానికి (స) 5:4 నిష్పత్తిలో. పద్నాలుగు సెంట్లు తేడా. ఐదు శ్రుతి అంటే ఆమె షడ్జం 196 హెర్ట్జ్, గాంధారం 245. కీబోర్డుదేమో దాదాపు 247. ఆ రెండు హెర్ట్జ్‌ల తేడానే సెకనుకు రెండుసార్లు వణుకై వినపడుతోంది! అంకెలు సరిపోయినప్పుడు ఒళ్ళు జలదరించింది నిజంగా. పంచమం దగ్గర ఈ గొడవ లేదు, అక్కడ తేడా రెండు సెంట్లే.

మే 10

జాతర. తాతయ్యగుంట గంగమ్మ దగ్గర నుంచి ఊరంతా మైకులు, డప్పులు. బైరాగి వేషం నుంచి మాతంగి వేషం దాకా రోజుకొకటి, లాడ్జి కూడా నిండిపోయింది. ఈ వారం రికార్డింగ్ లేదు. డప్పు ఒకటి రికార్డు చేసి పాటలో వేద్దామా అని ఆశ పుట్టింది, వద్దనుకున్నా. దాని చోటు అమ్మవారి ముందే.

మే 25

గాంధారం గొడవ నాకు చేతకాదేమో అని మిక్సింగుకి బయట ఒక స్టూడియోకి పంపా. పది రోజుల తర్వాత ఫైల్ వచ్చింది. వణుకు పోయింది, ఎందుకంటే వాళ్ళు వదిన గొంతునే ట్యూన్ సాఫ్ట్‌వేర్‌లో వేసి 400 సెంట్లకి లాగేశారు. గమకాలు కూడా మెట్లు మెట్లుగా తెగిపోయాయి. నాలుగు వేలు పోతే పోయింది, వదిన విని ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చేసింది, అదే బాధేసింది. “ఇది నేను కాదు” అంది కాసేపటికి.

ఆ రాత్రి కొర్లగుంట అన్న మాట గుర్తొచ్చింది. కుడిచెయ్యి ఎత్తేయాల. నేను ట్రాకులైతే తీశాను కానీ స్వరం తియ్యలేదు.

ప్యాడ్ ట్రాక్ తెరిచి జీ మేజర్ కార్డులోంచి (కార్డు అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు) బి అనే స్వరాన్ని, అంటే మన గాంధారాన్ని తీసేశా. ఆర్పెజియోలో కూడా గ ఎక్కడెక్కడ ఉందో వెతికి అక్కడ రిషభం పెట్టా. ఇప్పుడు సింథ్ వాయించేది స రి ప స, స రి ప స. గాంధారం పాట మొత్తంలో ఒక్క గొంతులోనే ఉంది. ప్లే చేశా. ‘నీకోసమే కాచుకోను’ దాకా కింద ఏదో ఖాళీగా, తలుపు తీసిపెట్టిన ఇల్లులా ఉంది, ‘డా’ వచ్చింది, గాంధారం ఒంటరిగా వచ్చి నిలబడింది, అప్పటిదాకా మేజరో మైనరో తెలియని కార్డు ఆమె గొంతుతోనే వెలిగింది. రిసెప్షన్‌లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

తర్వాత మిగతా రెండు కార్డుల్లోంచి ద, ని కూడా తీసేశా, అదే కారణం. ఇంకో సంగతి, ప్యాడ్‌కి కోరస్ ఎఫెక్టు వేసి ఉంది. 1984 నాటి రోలాండ్ జూనో-106 లాంటి వాటిలో ఉండే ఆ నీళ్ళలో కదిలినట్టుండే కోరస్. చాలా అందంగా ఉంటుంది కానీ అది స్వరాన్ని అటూ ఇటూ ఊపుతూనే ఉంటుంది కాబట్టి పక్కన నిజమైన గమకం వచ్చినప్పుడు రెండిట్లో ఏది ఊగుతోందో చెవికి తెలియదు. గొంతు ఉన్నచోట కోరస్ ఆఫ్, మధ్యలో వాయిద్యం ఒక్కటే ఉన్నచోట ఆన్. డిలే, అంటే మాటని ప్రతిధ్వనిలా తిరిగి వినిపించే ఎఫెక్టు, కూడా అంతే. 88 టెంపోకి చుక్క పెట్టిన ఎనిమిదో నోటు (ముప్పావు బీటు) అంటే 511 మిల్లీసెకన్లు, ప్రతి మాటకీ అది వేస్తే గమకాలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి, అందుకని ‘ఉండా’ ఒక్క మాటకే డిలే.

జూన్ 8

వినిపించడం మొదలు.

అమ్మ మొదట. టీవీ సౌండు తగ్గించి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వింది. “మీ వదిన గొంతు ఇంత దగ్గిరగా ఎప్పుడూ వినలా” అంది. అది చీరల బీరువా పుణ్యం.

తర్వాత లాడ్జికి వచ్చే ఒక టెంపో ట్రావెలర్ డ్రైవరన్న, కడప ఆయన. తెల్లవారుజామున మూడుకి యాత్రికుల కోసం ఎదురుచూస్తూ కుర్చీలో ఉంటే ఇయర్‌ఫోన్స్ ఇచ్చా. “పాట బాగుంది తమ్ముడూ, కానీ బీటు ఎప్పుడొస్తాదా అని చూస్తానే ఉన్నా” అన్నాడు. మొదట కొంచెం నొచ్చుకున్నా. ఆ తర్వాత టైము చూస్తే కిక్ డ్రమ్ మొదలయ్యేది 1:49 దగ్గర. దారి మీద బతికేవాడు అడిగింది న్యాయమే. రెండోసారి పల్లవి వచ్చే 0:44కి మార్చా. పాట నడుం నిలబడింది.

ఆయనే ఇంకోటి కూడా పట్టించాడు, తనకు తెలియకుండా. ఆయన ఫోన్ స్పీకర్‌లో పెడితే బేస్ అసలు లేదు! నా బేస్ నోటు 49 హెర్ట్జ్, ఫోన్ స్పీకర్‌కి అంత కింద వాయించే శక్తి ఉండదు. ఒక స్థాయి పైన అదే నోటు చేర్చి, సౌండుని కొంచెం గరుకు చేసే శాచురేషన్ వేశా. శాచురేషన్ వల్ల పైన కొత్త హార్మోనిక్స్ (అసలు నోటుతో పాటు మోగే పై స్వరాలు) పుడతాయి, అవి వినపడితే కింద ఉన్న నోటుని చెవే ఊహించుకుంటుంది. మన జనం పాటలు వినేది ఫోన్ స్పీకర్‌లోనే, హెడ్‌ఫోన్లో బాగుంది అని ఆగిపోతే సగం మందికి పాట చేరనట్టే.

జూన్ 15

హైదరాబాద్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు వాట్సాప్‌లో విని, “అన్నా, కాచుకోనుండా ఏంటి, ఉన్నా కదా, రికార్డింగ్‌లో తప్పు పోయింది” అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇంకో ఫ్రెండ్ విశాఖ నుంచి అదే అడిగాడు. ఒక రాత్రంతా ఆలోచించా. మార్చాలంటే ఒక్క మాట, వదిన ఐదు నిమిషాల్లో పాడేస్తుంది.

తెల్లారి డ్యూటీ దిగి టీ తాగడానికి వెళ్తే, నిన్న ఫోన్లో విన్న టీ మాస్టర్ పాలు తిరగబోస్తూ ‘కాచుకోనుండా’ అని అదే సాగతీతతో అంటున్నాడు. నన్ను చూసి అనలేదు, నేను వచ్చింది గమనించనే లేదు. పల్లవిలో మిగతా మూడు లైన్లూ ఆయనకి రాలేదు, అదొక్కటే వచ్చింది. మాట అట్లాగే ఉంటుంది, ఇక మార్చను. నా ప్రేమ చిత్తూరు తెలుగులోనే పుట్టింది, వేరే తెలుగులో దాన్ని చెప్పుకోవడం నాకు రాదు.

జూన్ 29

వదిన వాళ్ళ గురువుగారు, పెద్దాయన. ఆయన ముందు ఈ పాట పెట్టాలంటే ఇద్దరికీ టెన్షన్. ప్రేమపాట, పైగా మిషన్ల మోత. ఆయన ఏమీ మాట్లాడకుండా రెండుసార్లు వేయించుకున్నారు. రెండోసారి చూపుడువేలితో కుర్చీ చేతి మీద తాళం వేశారు. అయిపోయాక, “శ్రుతి పెట్టినవాళ్ళెవరమ్మా?” అని అడిగారు. వదిన నన్ను చూపించింది. “గాంధారం నీ శిష్యురాలికి వదిలిపెట్టావు. అది చాలు” అన్నారు నాతో. వదినని నా శిష్యురాలని పొరపాటున అన్నారు, సరిదిద్దే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

చంద్రగిరిలో పెళ్ళి వీడియోలు తీసే మామ ఒకడు పాట అడిగాడు, కోట దగ్గర షూట్ చేసిన ఒక జంటకి వేశాడు. బాగుంది కానీ రెండో చరణం కోసేసి పల్లవి మూడుసార్లు పెట్టాడు. అడిగితే, “మామా, వాళ్ళకి నచ్చింది ఆ దండ, కొండ అనే ముక్కే” అన్నాడు. రెండో చరణం మళ్ళీ చదివా. అందులో ఒక్క ఊరి వస్తువు లేదు, అన్నీ వెన్నెల, కన్నుల, మౌనం. పాటలో అది బలహీనమే. తిరగరాయాలి.

జూలై 13

మళ్ళీ ‘ఓన్లీ యూ’ దగ్గరికే వచ్చా. 1983లో ఫ్లయింగ్ పికెట్స్ అనే గ్రూపు అదే పాటని ఒక్క వాయిద్యం కూడా లేకుండా, అన్నీ నోటితోనే పాడింది. సింథ్‌లు వాయించే భాగాలు కూడా నోటితోనే. అది బ్రిటన్‌లో ఆ ఏడాది క్రిస్మస్‌కి మొదటి స్థానంలో నిలిచింది, ఐదు వారాలు. మిషన్లతో రెండో స్థానం, నోటితో మొదటి స్థానం, ఏడాదిన్నర తేడాలో. పాటలో సరుకుంటే మిషన్లు తీసేసినా నిలబడుతుంది అని నాకు దీనికంటే గట్టి రుజువు అక్కర్లేదు. మరి నాది నిలబడుతుందా?

వదినని అడిగా. ఆమె నా ప్రశ్న పూర్తిగా వినకముందే క్లాసులో ఉన్న పిల్లల్ని పిలిచింది. నలుగురు, అందరూ తొమ్మిదీ పదేళ్ళ వాళ్ళు. సరళీ స్వరాలు దాటి జంట స్వరాల్లో ఉన్నారు. “పిలకాయలూ, స రి ప స. ఇది మాత్రమే. నేనేం పాడినా మీరు ఆపకూడదు” అంది. వాళ్ళు తొడ మీద చేత్తో తాళం వేస్తూ మొదలుపెట్టారు. రెండో ఆవృత్తంలో ఒక పాప గాంధారం పాడేసింది, అలవాటు కదా, స రి తర్వాత గ రావాల్సిందే. వదిన వేలు అడ్డంగా ఊపింది. మళ్ళీ స రి ప స. ఆ పైన పల్లవి. ‘డా’ దగ్గరికొచ్చేసరికి ఆ పాప పాడటం ఆపకుండానే తలెత్తి వదిన నోటి వైపు చూసింది, తనని పాడొద్దన్న స్వరం ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసినట్టు.

ఈ వెర్షన్ రికార్డు చెయ్యాల్సిందే. ఆదివారం పదింటికి నలుగురూ ఇంటికొస్తున్నారు. బొంతలు ఇంకో రెండు కావాలి, కింద పోర్షన్ వాళ్ళకి మోటారు సంగతి ముందే చెప్పాలి, మైకు స్టాండు బీరువాలో మూడో అర ఎత్తుకి దించాలి.